పెళ్ళి వేడుకల్లో హార్ప్ వాదన

పెళ్ళి జరిగే చోటే ఒక పక్కన కూర్చుని హార్ప్ మీటడం ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఇంగ్లండ్‌లలో స్థిరపడిన ఆనవాయితీ. అతిథులు వచ్చి కూర్చునే వేళ, వధువు నడిచివచ్చే వేళ, సంతకాలు పెట్టే వేళ, కొత్త దంపతులు బయటికి నడిచే వేళ, ఆ తర్వాత విందు వేళ ఈ వాద్యం వినిపిస్తుంది. ఈ ఐదు ఘట్టాల్లో దేనికీ ఇంత సేపని లెక్క ఉండదు. వధువు కారు పావుగంట ఆలస్యం కావచ్చు, నడక అరనిమిషంలోనే ముగిసిపోవచ్చు. ఎంతసేపు వాయించాలో ముందుగా తెలియని సంగీతం ఇది. సన్నాయి మేళం వాళ్ళకు బాగా తెలిసిన ఇబ్బందే. పెళ్ళి హార్ప్ పనితనమంతా ఆ ఇబ్బందిని వినేవాళ్ళకు తెలియనివ్వకుండా దాటించడంలోనే ఉంది.

వాద్యం

వీణ, సితార్, గిటార్‌లలో తీగలు నాదఫలకానికి సమాంతరంగా సాగుతాయి. ఒకే తీగను వేర్వేరు మెట్ల దగ్గర నొక్కి వేర్వేరు స్వరాలు పలికిస్తారు. హార్ప్‌లో తీగలు నాదఫలకం నుంచి నిటారుగా పైకి లేస్తాయి. తీగకొక స్వరం చొప్పున ఉంటుంది కాబట్టి మెట్లతో పనిలేదు. తీగను పక్కకు లాగి గమకం పలికించే వీలు కూడా దాదాపు లేదు. మీటిన తీగ తనంతట తాను మోగి, తనంతట తాను సద్దుమణుగుతుంది. మధ్యలో ఆపాలంటే అరచేయి ఆన్చాలి.

పెళ్ళిళ్ళలో కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఆర్కెస్ట్రాల్లో వాడే పెడల్ హార్ప్. దీనికి 47 తీగలు, ఆరున్నర స్థాయిల విస్తృతి. నిలబెడితే మనిషి కంటే ఎత్తు, దాదాపు 1.85 మీటర్లు. బరువు 35 నుంచి 40 కిలోలు. తీగలన్నీ కలిసి చట్రాన్ని లాగే బలం సుమారు 900 కిలోలు. అడుగున ఏడు స్వరాలకు ఏడు పెడళ్ళు ఉంటాయి. ఒక్కో పెడల్‌కు మూడు గాళ్ళు. పెడల్‌ను ఒక గాడి నుంచి మరో గాడికి తొక్కితే ఆ పేరున్న స్వరం అన్ని స్థాయిల్లోనూ ఒకేసారి అర్ధస్వరం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. అంటే వినేవాళ్ళకు చేతులు కనిపిస్తుంటే, కింద రెండు పాదాలూ తమ పని తాము చేసుకుపోతుంటాయి.

రెండోది చిన్నది, లీవర్ హార్ప్. సాధారణంగా 34 తీగలకు అటూ ఇటూగా ఉంటుంది, ఒక్క మనిషే మోయగలడు. ప్రతి తీగ పైచివర ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని తిప్పితే ఆ ఒక్క తీగ అర్ధస్వరం పెరుగుతుంది. వాయిస్తూ వాయిస్తూ ఎడమచేతిని తీగల మీంచి తీసి మీట తిప్పి మళ్ళీ తాళం తప్పకుండా తీగల మీదికి రావాలి. అందుకే అర్ధస్వరాలు ఎక్కువగా దొర్లే సినిమా పాటలకు ఈ రకం అంతగా నప్పదు. ఐరిష్, స్కాటిష్ జానపద బాణీలకు మాత్రం ఇది పుట్టిల్లు.

రెండింటిలోనూ కొన్ని తీగలకు రంగులు వేసి ఉంటాయి. ఎర్ర తీగలు పాశ్చాత్య స్వరక్రమంలో ‘సి’, నల్లవి లేదా నీలివి ‘ఎఫ్’. పక్కపక్కనే నిలిచిన తీగల అడవిలో ఇవే మైలురాళ్ళు. వాద్యాన్ని కుడిభుజానికి ఆనించుకుని, ప్రతి చేతిలో నాలుగు వేళ్ళతో మీటుతారు. పొట్టిదైన చిటికెన వేలును ఉపయోగించరు.

ఐర్లండ్ పరంపర

ఒక వాద్యం దేశచిహ్నమైన చోటు ఐర్లండ్. 1922లో ఏర్పడిన ఐరిష్ ఫ్రీ స్టేట్ హార్ప్‌నే రాజముద్రగా తీసుకుంది. నమూనా డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో భద్రంగా ఉన్న మధ్యయుగాల నాటి హార్ప్. గిన్నెస్ బీరు సంస్థ అంతకుముందే, 1876లో, అదే వాద్యాన్ని తన వ్యాపార చిహ్నంగా నమోదు చేయించుకుంది. అందుకే ఫ్రీ స్టేట్ ముద్రలో హార్ప్ బీరు సీసా మీదిదానికి ఎదురు దిక్కుకు తిరిగి ఉంటుంది.

పాతకాలపు ఐరిష్ హార్ప్‌కు లోహపు తీగలుండేవి. గోళ్ళతో మీటేవారు. గంట కొట్టినట్టు ఖంగుమని చాలాసేపు మోగేది. గేలిక్ ప్రభువుల ఇళ్ళలో వాద్యకారుడికి కవితో పాటు గౌరవస్థానం ఉండేది. 17వ శతాబ్దంలో ఆ ప్రభువర్గం కూలిపోయాక వాద్యకారులు ఊరూరా తిరిగే సంచారులయ్యారు. వాళ్ళలో పేరెన్నికగన్నవాడు టర్లక్ ఓ’కారొలన్ (1670–1738). పద్దెనిమిదో ఏట మశూచి వచ్చి చూపు పోయింది. ఆదరించిన ఇల్లాలు హార్ప్ నేర్పించి, ఒక గుర్రాన్ని, దారి చూపే మనిషిని ఇచ్చి పంపింది. అక్కడి నుంచి దాదాపు అర్ధశతాబ్దం పాటు దేశమంతా తిరుగుతూ, బస ఇచ్చిన ఇంటివాళ్ళ పేర బాణీలు కట్టాడు. అతడివి 200కు పైగా బాణీలు ఇప్పటికీ మిగిలాయి. పెళ్ళికైనా చావుకైనా అతడు వచ్చేదాకా జనం ఆగేవారని చెప్పుకుంటారు. ఇవాళ ఐరిష్ పెళ్ళిళ్ళలో అతడి బాణీ ఒక్కటైనా వినపడకపోవడం అరుదు.

1792 జులైలో బెల్‌ఫాస్ట్‌లో పాత వాద్యకారులందరినీ ఒకచోట చేర్చి ఒక ఉత్సవం జరిపారు. ఐర్లండ్ నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు పదిమందే. వాళ్ళలో సగానికి పైగా అంధులు. తొంభై ఏళ్ళు దాటిన డెనిస్ హెంప్సన్ ఒక్కడే పాత పద్ధతిలో గోళ్ళతో మీటాడు. ఆ బాణీలను రాసుకోవడానికి కుదిరిన ఎడ్వర్డ్ బంటింగ్ వయసు అప్పటికి 19. అతడు రాసిపెట్టినవే తర్వాతి తరాలకు ఆధారమయ్యాయి. 19వ శతాబ్దపు మొదటి దశకాల్లో డబ్లిన్‌లో జాన్ ఈగన్ నరపు తీగలతో చిన్న హార్ప్‌లు తయారు చేశాడు. పెళ్ళిళ్ళలో ఇప్పుడు కనిపించే చిన్న హార్ప్ ఆ వంశానిదే. ఐరిష్ హార్ప్ వాదనను 2019లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

వేల్స్, రాజకుటుంబం

వేల్స్ భాషలో హార్ప్‌ను ‘తెలిన్’ అంటారు. మధ్యయుగాల వేల్స్‌లో కవులు, హార్ప్ వాద్యకారులు జంటగా సంపన్నుల ఇళ్ళకు వెళ్ళేవారు. పెద్ద పండుగలతో పాటు పెళ్ళి విందులు కూడా వాళ్ళ రాబడికి ముఖ్యమైన సందర్భాలు. 1523లో కైర్‌విస్ పట్టణంలో జరిగిన కళాసభ ఈ వృత్తికి నియమాలు పెట్టింది. అర్హత లేనివాళ్ళు పెళ్ళిళ్ళ వెంటపడకుండా శిక్షణకు మెట్లు, పట్టాలు ఏర్పరచింది. 1613 ప్రాంతంలో రాబర్ట్ అప్ హ్యూ రాసిన ప్రతి హార్ప్ సంగీతానికి ఐరోపాలో దొరుకుతున్న అతి ప్రాచీన సంకలనాల్లో ఒకటి. మూడు వరసల తీగలుండే హార్ప్ తర్వాత ఇక్కడ ఇంటి వాద్యంలా పాతుకుపోయింది.

విక్టోరియా రాణి కాలం తర్వాత ఖాళీగా ఉండిపోయిన రాజ హార్పిస్టు పదవిని, అప్పటికి వేల్స్ యువరాజుగా ఉన్న చార్లెస్ 2000లో పునరుద్ధరించాడు. తొలి నియామకం కాట్రిన్ ఫించ్‌ది. కొన్నేళ్ళకొకసారి వేల్స్‌కు చెందిన ఒక యువ వాద్యకారిణికి ఈ పదవి దక్కుతూ వచ్చింది. 2011లో విలియం, కేథరీన్‌ల పెళ్ళి రోజున బకింగ్‌హాం రాజప్రాసాదపు విందులో అప్పటి రాజ హార్పిస్టు క్లెయిర్ జోన్స్ వాయించింది.

పారిస్ నుంచి లండన్ దాకా

బంగారుపూతతో, నిలువెత్తు స్తంభంతో పెళ్ళి ఫొటోల్లో కనిపించే హార్ప్ వేరే దారిన వచ్చింది. పెడల్‌తో స్వరం మార్చే ఏర్పాటు 18వ శతాబ్దపు తొలి దశకాల్లో బవేరియాలో రూపుకట్టింది. 1770లో వియన్నా నుంచి కోడలిగా ఫ్రాన్స్ చేరిన మేరీ ఆంటోనెట్ హార్ప్ వాయించేది. రాణివాసం మోజు పారిస్ సంపన్నుల ఇళ్ళకు పాకి, పెళ్ళీడు ఆడపిల్లకు హార్ప్ వచ్చి ఉండటం ఒక మర్యాద అయింది. మొన్నమొన్నటిదాకా మన ఇళ్ళలో పెళ్ళిచూపుల కోసం హార్మోనియమో వీణో నేర్పినట్టే.

ఆ మోజు నుంచే ఒక గొప్ప కృతి పుట్టింది. 1778లో పారిస్‌లో ఉన్న మోట్సార్ట్‌ను ఒక ప్రభువు తాను ఫ్లూట్, తన కూతురు హార్ప్ వాయించుకునేందుకు ఒక కచేరీ కృతి రాసిమ్మన్నాడు. మోట్సార్ట్ రాసిచ్చాడు, ఆ అమ్మాయికి స్వరరచన పాఠాలూ చెప్పాడు. ఇంతలో ఆమెకు పెళ్ళి కుదిరి పాఠాలు ఆగిపోయాయి. ఇవ్వాల్సిన డబ్బు సరిగా ఇవ్వలేదని మోట్సార్ట్ తండ్రికి రాసిన ఉత్తరాల్లో వాపోయాడు. ఆ కృతిలోని నెమ్మది భాగాన్ని ఇవాళ పెళ్ళిళ్ళలో ఫ్లూట్, హార్ప్ జంట వాయిస్తుంటారు.

ఫ్రెంచి విప్లవ కాలంలో వాద్యనిర్మాత సెబాస్టియన్ ఎరార్ లండన్‌కు తరలివచ్చి కార్ఖానా పెట్టాడు. ఒక్కో పెడల్ మూడు స్థానాల్లో నిలిచే ఏర్పాటుకు 1810లో హక్కుపత్రం పొందాడు. ఏ శ్రుతిలో ఉన్న పాటనైనా వాయించగల హార్ప్ అప్పటి నుంచే ఉంది. ఈనాటి పెడల్ హార్ప్ లోపలి యంత్రం మూలంలో ఎరార్‌దే.

చర్చి దాటిన పెళ్ళి

చర్చిలో పెళ్ళి సంగీతం అంటే ఆర్గన్. గోడల్లో కలిసిపోయి, హాలంతా నింపే గొట్టాల వాద్యం. అది ఉన్న చోట హార్ప్ అదనపు అలంకారం మాత్రమే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990ల దాకా, యూదులు, క్వేకర్ల వంటి కొద్దిమందిని మినహాయిస్తే, చట్టబద్ధమైన పెళ్ళి చర్చిలోనో ప్రార్థనామందిరంలోనో కావాలి, లేదా ప్రభుత్వ రిజిస్టర్ కార్యాలయంలో కావాలి. 1994 వివాహ చట్టం దీన్ని మార్చింది. 1995 ఏప్రిల్ నుంచి అనుమతి పొందిన హోటళ్ళు, పాత జమీందారీ భవనాలు, కోటలు కూడా పెళ్ళి వేదికలయ్యాయి. ఆ హాళ్ళలో ఆర్గన్ ఉండదు. కరెంటు తీగలు పరచనక్కర్లేకుండా, నలభై యాభై మంది వినేంత సద్దుతో, ఒక్కరే శ్రుతినీ బాణీనీ కలిపి వాయించగల వాద్యం కావాలి. హార్ప్ ఆ లెక్కకు సరిపోయింది. చూడ్డానికి వేదికకు ఒక నగ పెట్టినట్టూ ఉంటుంది.

ఆ చట్టంతో ఒక చిక్కూ వచ్చింది. రిజిస్ట్రార్ ముందు జరిగే పౌర వివాహంలో మతపరమైన తంతు ఉండకూడదు. భక్తిగీతాలు, స్తోత్రాల బాణీల విషయంలో రిజిస్ట్రార్ మాటే చెల్లుతుంది. అందుకే వాద్యకారులు బాణీల జాబితాను ముందే చూపించి సరేననిపించుకుంటారు. చర్చిలో అడిగి మరీ వాయించుకునే ‘ఆవే మరియా’ ఇక్కడ తిరస్కరణకు గురికావచ్చు. 2021 జులై నుంచి ఈ వేదికల ఆవరణల్లో ఆరుబయట కూడా పౌర వివాహాలు అనుమతించారు. హార్ప్‌కు పని పెరిగింది, కష్టం కూడా పెరిగింది.

తంతులో హార్ప్

పెళ్ళికి గంటన్నర, రెండు గంటల ముందే వాద్యకారిణి వేదికకు చేరుతుంది. వాద్యం దించి, ఒర తీసి, హాలు గాలికి అలవాటు పడనిచ్చి, తీగ తీగా శ్రుతి చేసుకుంటుంది. హాలు నిండాక కబుర్ల మధ్య శ్రుతి చేయడం కష్టం.

అతిథులు రావడం మొదలయ్యాక దాదాపు అరగంట మెల్లని బాణీలు. ఎవరూ చెవిపెట్టి వినరు, వినాలని కూడా కాదు. హాలు నిశ్శబ్దంగా ఉంటే జనం గుసగుసలాడతారు. సంగీతం ఉంటే మామూలు గొంతుతో మాట్లాడుకుంటారు. ఆ బెరుకు పోగొట్టడమే మొదటి ఘట్టం పని.

తలుపు దగ్గర ఒకరు నిలబడి తల ఊపుతారు. అది వధువు సిద్ధమన్న సైగ. అప్పటిదాకా నడుస్తున్న బాణీని నరికేసినట్టు ఆపకూడదు. రెండు మూడు స్వరాల్లో ఇంటికి చేర్చి ముగించాలి. ఒక శ్వాసంత మౌనం. అప్పుడు నడక బాణీ.

నడక బాణీగా జర్మన్ స్వరకర్త యోహాన్ పాకెల్‌బెల్ ‘కానన్’ ఎందుకు నిలిచిందో ఇక్కడ తెలుస్తుంది. దాని అడుగున ఎనిమిది స్వరాల మంద్ర వరస ఒకటే ఉంటుంది. మూలకృతిలో అది 28 సార్లు తిరిగి తిరిగి వస్తుంది. పైన అల్లికలు మారుతుంటాయి, కింద పునాది మారదు. కాబట్టి ఎనిమిది స్వరాలు పూర్తయిన ప్రతిచోటా ఆపడానికి ఒక గుమ్మం దొరుకుతుంది. చిన్న హాలులో వధువు ఇరవై అంగల్లో వచ్చేస్తే మూడో గుమ్మం దగ్గర ఆగొచ్చు. తోడు పెళ్ళికూతుళ్ళు ఆరుగురుండి, పూలు చల్లే పాప మధ్యలో నిలబడిపోయి అమ్మ కోసం వెనక్కి చూస్తే, మరో నాలుగు చుట్లు తిప్పొచ్చు. వాద్యకారిణి ఒక కన్ను తీగల మీద, ఒక కన్ను నడవ మీద పెడుతుంది. వధువు వరుడి పక్కన నిలిచి, చేతిలోని పూలగుత్తి తోడు పెళ్ళికూతురికి అందించే క్షణానికి చివరి స్వరం పడితే ఆ పని కుదిరినట్టు.

ప్రమాణాలప్పుడు సంగీతం ఉండదు. ఆ తర్వాత సంతకాలు. వధూవరులు, ఇద్దరు సాక్షులు, అధికారులు వరసగా సంతకం చేయాలి. 2021 మే 4 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో పాత రిజిస్టరు పుస్తకం స్థానంలో ఒకే పత్రం వచ్చింది. తండ్రుల పేర్లతో పాటు తల్లుల పేర్లు చేరడమూ అప్పటినుంచే. ఫొటోలతో కలిపి ఈ ఘట్టం అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. చూడ్డానికి ఏమీ ఉండదు గనుక హాలంతా నిజంగా సంగీతం వినేది ఇప్పుడే. తమకు నచ్చిన అసలు కృతిని వాద్యకారులు ఈ ఘట్టానికి దాచుకుంటారు. చివరగా దంపతులు బయటికి నడిచేటప్పుడు హుషారైన బాణీ. చప్పట్లూ కేకల మధ్య హార్ప్ సద్దు మునిగిపోతుంది, అయినా వాయిస్తూనే ఉండాలి.

బాణీలు

ప్రాచీనమనుకునే పెళ్ళి బాణీల్లో కొన్ని అంత పాతవేమీ కావు. పాకెల్‌బెల్ 1706లో చనిపోయాడు. అతడి ‘కానన్’ రెండు శతాబ్దాలకు పైగా మరుగున పడి ఉంది. 1968లో ఫ్రెంచి సంగీత నిర్వాహకుడు జాఁ ఫ్రాన్సువా పైయార్ బృందం రికార్డు వచ్చాక అది జనంలోకి వెళ్ళింది. పెళ్ళిళ్ళలో దాని చెలామణి ఆ తర్వాతిదే.

‘వెడ్డింగ్ మార్చ్’ను మెండెల్‌సన్ 1842లో షేక్‌స్పియర్ నాటకం కోసం రాశాడు. వాగ్నర్ ‘లోహెన్‌గ్రిన్’ సంగీతనాటకం 1850లో వైమార్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. వధువు ప్రవేశానికి వాడే బాణీ అందులోది. 1858 జనవరిలో విక్టోరియా రాణి పెద్ద కూతురి పెళ్ళిలో ఈ రెండూ మోగాక రావడానికి వాగ్నర్, పోవడానికి మెండెల్‌సన్ అనే ఆచారం ఇంగ్లిషు మాట్లాడే లోకమంతా అల్లుకుంది. అయితే వాగ్నర్ కథలో ఆ బాణీ వినిపించిన రాత్రే పెళ్ళి చెడిపోతుంది. వాగ్నర్ యూదు ద్వేషం వల్ల యూదుల పెళ్ళిళ్ళలో దాన్ని సాధారణంగా వాయించరు. నాటకశాల సంగీతమని కొన్ని చర్చిలూ ఒప్పుకోవు. రెండు బాణీలూ బాకాలకు, ఆర్గన్‌కు తగినవి కావడంతో హార్ప్ మీద వాటి గాంభీర్యం కొంత తగ్గుతుంది. హార్ప్ ఉన్న పెళ్ళివారు వాటిని అంతగా అడగరు.

హార్ప్‌కు సహజంగా అమరేవి వేరు. బాఖ్ కాంటాటా నుంచి తీసిన ‘జీసు, జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్’, సాఁ సాన్స్ ‘ది స్వాన్’, పియానో నుంచి దించుకున్న డెబ్యుసీ ‘క్లేర్ ద లూన్’, 1736లో వినిపించిన హాండెల్ హార్ప్ కచేరీ కృతి, ఓ’కారొలన్ బాణీలు, వేల్స్, స్కాట్లండ్ జానపదాలు తరచుగా వింటాం. వీటి పక్కనే వధూవరులు అడిగే సినిమా, పాప్ పాటలుంటాయి. తాము కలుసుకున్న రోజుల్లో విన్న పాటను హార్ప్ మీద వినాలని జంటలు కోరుకోవడం మామూలైపోయింది. పాప్ పాటలో తాళవాద్యం, గొంతు తీసేశాక మిగిలే బాణీ ఒక్కోసారి చాలా చిన్నది. ఎడమచేతి అల్లికలతో దాన్ని నిలబెట్టడమే పని.

మోత, శ్రుతి, ఎండావానా

పెడల్ హార్ప్‌ను రెండు చక్రాల బండి మీద వాల్చి నడిపిస్తారు. వెనక సీట్లు మడిస్తే పట్టే పొడవాటి కారు ఉండాలి. వాద్యకారులు కారు కొనడానికి వెళ్ళేటప్పుడు వాద్యం కొలత తీసుకెళ్తారు. పాత కోటల్లో మెలికల మెట్లుంటాయి, లిఫ్టులుండవు. కాబట్టి ఒప్పుకునే ముందు అడిగే మొదటి ప్రశ్న పెళ్ళి ఏ అంతస్తులో అని. చేతులు లేని కుర్చీ, సమతలమైన నేల, మనుషులు తగలకుండా చుట్టూ కొంత చోటు కావాలి.

తీగల్లో మంద్రస్థాయివి లోహపు చుట్టు ఉన్నవి, మధ్యవి ఎక్కువగా జంతువుల పేగు నుంచి తీసిన నరాలు, పైవి నైలాన్. నరం గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొయ్య కూడా అంతే. చల్లని కారులోంచి వెచ్చని హాలులోకి వచ్చిన వాద్యం పావుగంటలో శ్రుతి జారుతుంది. హార్పిస్టు జీవితంలో సగం శ్రుతి చేయడానికే సరిపోతుందని వృత్తిలో ఒక ఛలోక్తి.

ఆరుబయట పెళ్ళిలో నీడ తప్పనిసరి. నేరుగా ఎండపడితే తీగలు వదులై, నాదఫలకం అతుకులకు ముప్పు వస్తుంది. గాలి స్వరపత్రాలను ఎగరగొడుతుంది గనుక బట్టల క్లిప్పులు పెడతారు. వాన చినుకు పడితే ఇక వాద్యం లోపలికే. ఒప్పందంలో ఈ మాట రాసుకోవడం పరిపాటి.

అన్నింటికంటే బెదరగొట్టేది తీగ తెగడం. చప్పుడు తుపాకీ పేల్చినట్టుంటుంది. ప్రమాణాల మధ్య తెగితే ముందు వరసలు ఉలిక్కిపడతాయి. వాయిస్తుండగా తెగితే వాద్యకారిణి ఆ తీగను పక్కకు తప్పించి, ఆ స్వరాన్ని పై స్థాయిలోనో కింది స్థాయిలోనో పలికిస్తూ బాణీ పూర్తిచేస్తుంది. సంచిలో అదనపు తీగలు, శ్రుతి చేసే తాళంచెవి ఎప్పుడూ ఉంటాయి. కొత్త తీగ ఎక్కించడానికి కొద్ది నిమిషాలే, కానీ అది సాగి సాగి శ్రుతిలో నిలవడానికి రోజులు పడుతుంది. అందుకే పెళ్ళి ముందురోజు కొత్త తీగ ఎక్కించాలంటే జంకుతారు.

వృత్తి

పెళ్ళి హార్పిస్టుల్లో ఎక్కువమందికి ఇదొక్కటే జీవనాధారం కాదు. వారం మధ్యలో పాఠాలు చెబుతారు, ఆర్కెస్ట్రాల్లో పిలుపుకు వెళ్తారు, వేసవి శనివారాల్లో పెళ్ళిళ్ళు ఒప్పుకుంటారు. బయానా తీసుకుని తేదీ ఖాయం చేసుకోవడం, మిగతాది పెళ్ళికి ముందే చెల్లించడం రివాజు. ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటే మొదటిదాంట్లో వధువు ఆలస్యం రెండోదాన్ని ముంచుతుంది కనుక అనుభవజ్ఞులు సాహసించరు.

మెక్సికోలో మరో తీరు

పెళ్ళి హార్ప్ అంటే మెల్లదనమే అనుకోనక్కర్లేదు. మెక్సికో తూర్పు తీరాన వేరాక్రూస్ ప్రాంతంలో ముప్ఫైకి పైగా తీగలున్న హార్ప్‌ను చిన్న గిటార్లతో కలిపి, ద్రుతగతిలో నాట్యానికి వాయిస్తారు. లోకమంతా తెలిసిన ‘లా బాంబా’ ఆ నేల పాటే. పెళ్ళిలో ఆ పాటకు వధూవరులు చెక్కబల్ల మీద అడుగులు వేస్తూ, నేల మీద పరిచిన పొడవాటి రిబ్బనును చేతులు తగలకుండా పాదాలతోనే విల్లుముడి వేస్తారు. ముడి పడేదాకా వాద్యాలు ఆగకూడదు. ఇక్కడా హార్ప్ వాదన నిడివిని నిర్ణయించేది పెళ్ళివారి పాదాలే.

భారతదేశం, తెలుగు నేల

తెలుగు క్రైస్తవులకు ఈ వాద్యం బైబిలు ద్వారా మాటల్లో పరిచయం. కీర్తనల గ్రంథపు తెలుగు అనువాదంలో పాత ఇశ్రాయేలు తీగవాద్యాల కోసం ‘స్వరమండలము’, ‘సితారా’ అనే మాటలు వాడారు. అయితే హిందుస్తానీ గాయకులు ఒడిలో పెట్టుకునే స్వరమండల్ హార్ప్ కాదు. దాని తీగలు పెట్టె మీద పడుకుని ఉంటాయి.

అసలు హార్ప్ మనకు కొత్తదీ కాదు. ప్రాచీన భారతంలో ‘వీణ’ అన్న పేరు విల్లులా వంగిన హార్ప్‌కు ఉండేది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో నర్తకుల పక్కన ఆ విల్లు వీణను ఒడిలో పెట్టుకుని మీటే స్త్రీలు కనిపిస్తారు. సముద్రగుప్తుడు తన బంగారు నాణెం మీద వేయించుకున్నదీ దాన్నే. తమిళుల యాళ్ ఆ జాతిదే. మొదటి సహస్రాబ్ది ముగిసేలోగా మెట్ల వీణలు, కర్ర వీణలు ముందుకొచ్చి విల్లు వీణ ఈ నేల మీద దాదాపు మాయమైంది. బర్మాలో సౌంగ్ గౌక్ పేరుతో, మధ్యప్రదేశ్ గోండుల చరిత్రగాయకులైన పర్ధాన్లలో బీన్‌బాజా పేరుతో ఆ వంశం మిగిలింది.

తెలుగువారి పెళ్ళిలో తీగవాద్యానికి బదులు నాదస్వరం, డోలు ఉంటాయి. మంగళసూత్ర ధారణ వేళ అపశబ్దమేదీ చెవిన పడకూడదని గట్టిమేళం వాయిస్తారు. ఐర్లండ్, బ్రిటన్ పెళ్ళిళ్ళలో అలాంటి ఘట్టానికి హార్ప్ ఆగిపోయి, ప్రమాణం పలికే గొంతు ఒక్కటే వినిపిస్తుంది. మన మేళం ఆ క్షణాన్ని మోతతో కాపాడుతుంది, హార్ప్ మౌనంతో కాపాడుతుంది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో మాత్రం ఇద్దరికీ తెలియదు. డోలు విద్వాంసుడు పురోహితుడి చేతి కోసం చూస్తుంటాడు. హార్పిస్టు తలుపు దగ్గరి మనిషి తల ఊపు కోసం చూస్తుంటుంది.